ఎస్‌డీఆర్‌ను మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలపడానికి ముందు వేయవలసిన యూఎస్‌బీ లెక్క

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరంలో యాంటెన్నా నిలిపి, బంగాళాఖాతంలో తిరిగే ఓడలు తమ ఉనికిని రేడియోలో తెలిపే ఏఐఎస్ సంకేతాలను ల్యాప్‌టాప్ లేకుండా, ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే రేడియో రిసీవర్), చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతోనే అందుకోవాలనుకునేవారు, బోర్డు కొనకముందే ఈ లెక్క వేసుకోవాలి.

యూఎస్‌బీకి తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ప్రతి శాంపిల్‌కూ (సంకేతాన్ని ఒకసారి కొలిచినప్పుడల్లా) ఐ, క్యూ అనే రెండు విలువలను ఒక్కో బైటుగా పంపుతుంది. అంటే సెకనుకు 24 లక్షల శాంపిళ్లు తీసుకుంటే 48 లక్షల బైట్లు వచ్చిపడతాయి. చిన్న బోర్డుల్లో వాడే ఆర్‌పీ2040, ఈఎస్‌పీ32-ఎస్3 మైక్రోకంట్రోలర్ చిప్‌లలో ఉన్నది సెకనుకు 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్ యూఎస్‌బీ మాత్రమే. డాంగిల్ డేటా పంపే బల్క్ అనే యూఎస్‌బీ పద్ధతిలో ఒక మిల్లీసెకనుకు 64 బైట్ల ప్యాకెట్లు గరిష్ఠంగా 19 పడతాయి కనుక, సిద్ధాంతం ప్రకారమే సెకనుకు 12,16,000 బైట్లకు మించి రావు. ఆచరణలో అంత కూడా ఆశించకూడదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. డాంగిల్‌లోని ఆర్‌టీఎల్2832యూ చిప్ సుమారు 2.25 లక్షల నుంచి 3 లక్షల వరకు, ఆపైన మళ్లీ 9 లక్షల నుంచి మాత్రమే శాంపిల్ రేటును (సెకనుకు శాంపిళ్ల సంఖ్యను) అంగీకరిస్తుంది. 9 లక్షలంటే 18 లక్షల బైట్లు, ఫుల్ స్పీడ్‌కు అందని మాట. కాబట్టి ఈ బోర్డులకు ఆ మొదటి ఇరుకు సందే గతి. ఏఐఎస్‌కు అది చక్కగా సరిపోతుంది: 161.975, 162.025 మెగాహెర్ట్జ్ ఛానెళ్ల మధ్య దూరం 50 కిలోహెర్ట్జే గనుక, 162 మెగాహెర్ట్జ్ వద్ద ట్యూన్ చేసి 2,40,000 శాంపిళ్లు తీసుకుంటే రెండూ దొరుకుతాయి, వచ్చేది 4,80,000 బైట్లే. విమానాలు తమ స్థానాన్ని తెలిపే ఏడీఎస్-బీ సంకేతాలకు సాధారణంగా 20 లక్షల శాంపిళ్లు తీసుకుంటారు. దానికి టీన్సీ 4.1 వంటి, సెకనుకు 480 మెగాబిట్ల హై స్పీడ్ యూఎస్‌బీ హోస్ట్ (డాంగిల్ వంటి పరికరాలను తగిలించుకుని నడిపే పోర్టు) ఉన్న బోర్డే కావాలి. మధ్యలో హబ్ పెట్టినంత మాత్రాన ఫుల్ స్పీడ్ బోర్డు వేగం పెరగదు.

వేగం సరిపోయినా మెమరీ చూసుకోవాలి. ఆర్‌పీ2040లోని 264 కిలోబైట్ల ర్యామ్ మొత్తాన్ని ఇచ్చినా ఏఐఎస్ డేటా దాన్ని సుమారు అర సెకనులో నింపేస్తుంది. అందువల్ల రెండు చిన్న బఫర్లు (డేటాను తాత్కాలికంగా ఉంచే చోట్లు) పెట్టి, ఒకటి నిండుతుండగా రెండోదాన్ని డీకోడ్ చేసి ఖాళీ చేయాలి. డాంగిల్ సుమారు 300 మిల్లీఆంప్‌ల కరెంటు తీసుకుంటుంది; చాలా బోర్డుల పోర్టు 5 వోల్టులను బయటికి ఇవ్వదు కనుక విడిగా సరఫరా ఏర్పాటు చేయాలి.

మొదట అదే శాంపిల్ రేటుతో డాంగిల్‌ను కంప్యూటర్‌పై పరీక్షించి, బైట్లు పోవడం లేదని తేల్చుకున్నాకే బోర్డుకు మార్చాలి. అక్కడ డీకోడర్‌ను ఆపి ప్రతి సెకనుకు అందిన బైట్లను లెక్కించాలి. అప్పుడు 4,80,000 నిలకడగా వచ్చి, డీకోడర్ నడిపినప్పుడే తగ్గుతుంటే లోపం యూఎస్‌బీలో కాదు, ప్రోగ్రామ్ వేగంలో ఉంది.