పాప పాలు పట్టకపోతే ముందు నా దిగులు చూశారు

కాన్పయ్యాక అనంతపురంలో మా అమ్మ దగ్గరే ఉన్నాను. పాప రొమ్ము పట్టి రెండు గుక్కలు తాగి, వెనక్కి విరుచుకుని ఏడ్చేది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ "పాలు చాలట్లేదేమో, డబ్బా పాలు పట్టు" అనేవాళ్లు. ఆ మాటతో నాకు గుండె దడ. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టేది కాదు, ఊరికే ఏడుపొచ్చేది.

ఆశా అక్క పాపను తూకం వేసింది. బరువు పెరుగుతోంది, రోజుకు ఆరుసార్లకు పైగా ఉచ్చ పోస్తోంది, పాలు చాలుతున్నాయి అంది. తర్వాత నా వైపు తిరిగి "నువ్వెట్లుండావమ్మా?" అని అడిగింది. ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు.

పాలు బయటికి రావాలంటే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదల కావాలని డాక్టరమ్మ వివరించింది. టెన్షన్, నొప్పి దాన్ని అడ్డుకుంటాయి. రొమ్ములో పాలున్నా రావడం ఆలస్యమవుతుంది, బిడ్డ విసుగుతో ఏడుస్తుంది, అది చూసి తల్లికి దిగులు ఇంకా పెరుగుతుంది. కాన్పయ్యాక తల్లికి దిగులు ఎంతుందో చూసే పది ప్రశ్నల ఎడిన్‌బరో కాగితం నింపించి కౌన్సెలింగ్‌కు పంపింది.

ఇంట్లో పాలిచ్చే వేళ గదిలోకి అమ్మ తప్ప ఎవరూ రాకుండా చేశాం. పాపను ఒంటికి ఆనించుకుని, నోరు బాగా తెరిచాక, చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లభాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించాను. రాత్రి పాలు తాగాక మా ఆయన ఎత్తుకుంటే నేను పడుకునేదాన్ని. అన్నిటికన్నా ఆ నిద్రే నన్ను నిలబెట్టింది. పాప విరుచుకోవడం తగ్గింది. నా దిగులు పోవడానికి మాత్రం ఇంకా సమయం పట్టింది.

బాలింతకు రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డ మందకొడిగా ఉన్నా, ఉచ్చ తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.