షాంపేన్ నుంచి ఇండియానాపొలిస్ వెళ్తున్నారా? గంట ముందే బయల్దేరండి

ఇల్లినాయిలోని షాంపేన్ నుంచి ఇండియానాపొలిస్‌కి ఐ-74 హైవే మీద దాదాపు రెండు గంటల దారి. అంతేగా అని తీరిగ్గా బయల్దేరితే దొరికిపోతారు. డాన్‌విల్ దాటి ఇండియానాలో అడుగుపెట్టగానే టైమ్ జోన్ మారి గడియారం గంట ముందుకి దూకుతుంది. పొద్దున ఎనిమిదికి బండి తీస్తే అక్కడికి చేరేసరికి పదకొండు. ఫోన్ దానంతటదే మారుతుంది కానీ, కార్లో గడియారం చాలాసార్లు పాత టైమే చూపిస్తూ ఉంటుంది. మా కజిన్‌ని ఎయిర్‌పోర్టులో దింపడానికి వెళ్తూ దాన్నే నమ్మి, చివర్లో పరుగో పరుగు! వచ్చేటప్పుడు ఆ గంట తిరిగి చేతికొస్తుందనుకోండి.

ఇంకోటి. అక్కడ ఎగ్జిట్ (హైవే దిగే దారి) నంబర్లు మైళ్ల లెక్కే. షాంపేన్‌లో నీల్ స్ట్రీట్ 182, బోర్డర్ దగ్గర సుమారు 220. ఇండియానాలో మళ్లీ సున్నా నుంచి మొదలై, ఇండియానాపొలిస్ చుట్టూ తిరిగే ఐ-465 దగ్గర 73. అంటే బోర్డర్ దాకా 38, అక్కణ్నుంచి 73, కలిపితే 111 మైళ్లు. సిగ్నల్ పోయినా ఇంకెంత దూరమో నోటిలెక్కతో తేలిపోతుంది. టీకో, బాత్రూమ్‌కో ఆగాలంటే 34వ ఎగ్జిట్, క్రాఫర్డ్స్‌విల్.

చలికాలమైతే గాలి కూడా చూసుకోండి. మొక్కజొన్న కోసేశాక అటూ ఇటూ బోడి పొలాలే. మంచు కురవడం ఆగినా, గాలికి లేచి రోడ్డు మీద పరుచుకుంటుంది.