ఓవర్‌క్లాక్ చేసేటప్పుడు వోల్టేజీ ఎంత పెంచితే ప్రాసెసర్ ఎంత వేడెక్కుతుంది?

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం. ఇక్కడ వోల్టేజీ అంటే గోడ ప్లగ్గులో వచ్చే 230 వోల్టులు కాదు. స్టెబిలైజర్ కొనుక్కొస్తే ప్రాసెసర్ చల్లబడదు. కంప్యూటర్‌లోని పవర్ సప్లై డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, ఆ కరెంటును 12 వోల్టులకు దించుతుంది. మదర్‌బోర్డు మీద వోల్టేజీని అదుపు చేసే భాగం, వీఆర్‌ఎం, దాన్ని ఒకటింబావు వోల్టు దగ్గరకు దించి ప్రాసెసర్‌కిస్తుంది. మనం బయాస్‌లో (బోర్డు సెట్టింగుల ప్రోగ్రాంలో) కదిపేది ఆ చివరి అంకెనే.

కావలసినవి: అన్‌లాక్ ప్రాసెసర్ (వేగం మార్చుకోనిచ్చేది), దానికి తగ్గ బోర్డు, మంచి టవర్ కూలర్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వోల్టేజీ చూపించే ప్రోగ్రాం), సినీబెంచ్ (ప్రాసెసర్‌ను పూర్తిగా పనిచేయించే టెస్టు ప్రోగ్రాం), గదిలో ఒక థర్మామీటరు, యూపీఎస్. యూపీఎస్ లేకపోతే టెస్టు మధ్యలో ఆగింది కరెంటు పోయో, వోల్టేజీ చాలకో తేలదు. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లున్నవాళ్లు 2024 చివర్లోనో ఆ తర్వాతో వచ్చిన బయాస్ ఎక్కించాకే మొదలుపెట్టండి. ఆ చిప్‌లు అవసరానికి మించి వోల్టేజీ లాగి పాడైన సంగతి తెలిసిందే.

ముందు ఏమీ మార్చకుండా సినీబెంచ్ అరగంట నడిపి గది వేడి, ప్రాసెసర్ వేడి, లోడ్‌లో (పని భారం పడ్డప్పుడు) వీకోర్, అంటే ప్రాసెసర్‌కు అందే వోల్టేజీ, రాసుకోండి. ఏసీ వేసి కొలవద్దు. రాజమండ్రిలో డిసెంబరు రాత్రి పాసైన సెట్టింగు మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో నిలవదు.

ఇప్పుడు లెక్క. వేడి ఫ్రీక్వెన్సీతో (ప్రాసెసర్ వేగంతో) పాటు అదే వరసలో పెరుగుతుంది, వోల్టేజీకి మాత్రం వర్గం వరసలో. గది 30 డిగ్రీలు, ప్రాసెసర్ 4.5 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల దగ్గర 70 ఉందనుకోండి. గది కంటే 40 ఎక్కువ. దాన్ని 4.8కి, 1.32కి తీసుకెళితే ఆ 40 కాస్తా 52 దాకా అవుతుంది, అంటే ప్రాసెసర్ 82. ఈ 12లో ఫ్రీక్వెన్సీ వాటా మూడు డిగ్రీలే, మిగతాదంతా వోల్టేజీ పుణ్యమే. గది 40కి చేరితే 92. పైగా వేడెక్కిన సిలికాన్‌లో కరెంటు లీకేజీ ఎక్కువ, కాబట్టి అసలు అంకె ఇంకాస్త పైనే ఉంటుంది.

అందుకే వోల్టేజీని ఆటోలో వదలకూడదు. బోర్డు తన భద్రత కోసం ధారాళంగా పోసేస్తుంది. మాన్యువల్‌లో పెట్టి మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే అంకె) ఒక్కొక్కటే పెంచండి. టెస్టు పడిపోతే 0.01 చొప్పున వోల్టేజీ ఇవ్వండి. మల్టిప్లయర్, వోల్టేజీ ఒకేసారి కదిపితే ఏది ఏం చేసిందో తెలీదు.

అందరూ తప్పేది లోడ్‌లైన్ కాలిబ్రేషన్ (ఎల్‌ఎల్‌సీ) దగ్గర. లోడ్‌లో వోల్టేజీ తగ్గకుండా చూసే సెట్టింగు ఇది. బయాస్‌లో 1.30 పెట్టినా లోడ్ పడగానే 1.24 చూపిస్తుంది. కాలువ మొదట్లో నీళ్లు నిండుగా ఉన్నా శివారు చేలకు వచ్చేసరికి తగ్గినట్టే ఇది. ఈ తగ్గుదల చూసి కంగారుపడి చాలామంది ఎల్‌ఎల్‌సీని అన్నిటికన్నా గట్టి లెవెల్‌కు లాగేస్తారు. అప్పుడు లోడ్‌లో 1.30 నిలుస్తుంది, నిజమే. కానీ లోడ్ ఠక్కున ఆగినప్పుడు వోల్టేజీ ఒక్క క్షణం పైకి ఎగురుతుంది. తూములన్నీ ఒకేసారి మూస్తే కాలువ గట్టు దాటినట్టు. ఆ ఎగురుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోకు దొరకదు, ఎందుకంటే అది సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి చూస్తుంది. ఉష్ణోగ్రత కూడా చూపించదు. చిప్ మాత్రం లోపల అరిగిపోతూ ఉంటుంది. చల్లగా ఉన్న ప్రాసెసర్ క్షేమంగా ఉన్నట్టు కాదు.

కాబట్టి మధ్య లెవెల్ పెట్టండి. కొన్ని బోర్డుల్లో 1 అంటే గట్టిది (తగ్గుదలను ఎక్కువగా ఆపేది), కొన్నిటిలో మెత్తనిది, ముందు మాన్యువల్ చూసుకోండి. చూడాల్సింది బయాస్‌లో రాసిన అంకె కాదు, లోడ్‌లో వీకోర్ అంకె. ఫోరాల్లో వాళ్లు రాసిన 1.35 ఏ లెవెల్ మీదిదో చెప్పరు, దాన్ని యథాతథంగా ఎత్తుకోవద్దు.

ఇంకొక పొరపాటు. టెస్టు పడిపోయింది కదా అని మళ్లీ మళ్లీ వోల్టేజీ పెంచడం. వేడెక్కిన చిప్ అదే వేగానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది. ఇస్తే ఇంకా వేడెక్కుతుంది. 85 దాటాక పడిపోతుంటే పెంచకండి, 100 మెగాహెర్ట్జ్ తగ్గించండి. ఒక్క 100 మెగాహెర్ట్జ్‌కు 0.05 వోల్టు అడిగితే అక్కడితో ఆగాలి.

డెల్టాలో ఏసీ లేని గదులకు ఓవర్‌క్లాక్ కన్నా స్టాక్ (కంపెనీ పెట్టిన) వేగంలో వోల్టేజీ 0.05 దించడం మంచిది. 1.25 నుంచి 1.20కి వస్తే వేడి దాదాపు 8 శాతం తగ్గుతుంది, వేగం తగ్గదు. రైస్‌మిల్లు దగ్గరి ఇళ్లలో ఊక బూడిద హీట్‌సింక్ రెక్కల మధ్య గట్టిపడుతుంది. నెలకోసారి బ్లోయర్ పట్టండి, ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుని.