దిగుడు మొదలవ్వకముందే వేగం తగ్గించండి

వానలు మొదలయ్యేలోపు ఘాట్ రోడ్డు దిగే పని ఉన్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. కారైనా, లారీ అయినా, బైకైనా వాలు మీద లెక్క ఒకటే.

కొన్నేళ్ల కిందట నేను ఒక పెద్ద దిగుడు మొత్తం బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగబోయాను. సగం దూరంలో ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ముందు పోతున్న లారీదేమో అనుకున్నాను. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి బ్రేకు పెడలు తడి స్పాంజిని తొక్కినట్టు మెత్తగా లోపలికి పోయింది. గేరు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండవైపు గట్టుకు ఆనించి ఆపాను. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ వస్తోంది. వెనక సీట్లో పిల్లలు నిద్రలోనే ఉన్నారు.

ఆ బ్రేకుల్లో లోపమేమీ లేదు. అవి మోయలేని పని నేను వాటి నెత్తిన పెట్టాను.

పైనుంచి వదిలేసిన వస్తువు వేగం, గాలి అడ్డు లెక్క వేయకపోతే, సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. అంటే ప్రతి సెకనుకూ గంటకు 35 కిలోమీటర్లు కలుస్తాయి. 100 మీటర్ల దూరానికి 10 మీటర్లు దిగే రోడ్డు మీద అందులో పదోవంతు, అంటే ప్రతి సెకనుకూ గంటకు మూడున్నర కిలోమీటర్లు కలుస్తాయి. టైర్ల రాపిడి, గాలి కొంత తగ్గిస్తాయి గానీ, 30లో ఉన్న బండిని పది సెకన్లు వదిలేస్తే 60కి చేరుతుంది. వాలు రెట్టింపైతే ఈ పెరుగుదలా దాదాపు రెట్టింపే.

పిల్లలకు చూపించాలంటే ఒక చెక్క, ఒక గోళీ చాలు. చెక్క కింద ఒక పుస్తకం పెట్టి గోళీ వదలండి, తర్వాత రెండు పెట్టి వదలండి. 400 ఏళ్ల కిందట గెలీలియో వాలు చెక్క మీద గుండ్లు దొర్లించి చూసింది ఇదే. మొదటి సెకనులో జానెడు పోయిన గుండు రెండు సెకన్లకు నాలుగు జానలు, మూడు సెకన్లకు తొమ్మిది జానలు పోతుంది. వాలు మీద ‘ఇంకాసేపాగి బ్రేకు వేద్దాంలే’ అనుకోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బరువెక్కువైనంత మాత్రాన బండి ఎక్కువ వేగంగా దొర్లదు. కానీ ఆపాలంటే ఆ బరువుతో వచ్చే శక్తి మొత్తం వేడి రూపంలో బయటపడాలి. 1,500 కిలోల కారు ఒకే వేగంతో 500 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడితో దాదాపు 25 లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి. పది టన్నుల లారీ అయితే 160 లీటర్ల పైమాటే. ఇంజను, గాలి తీసుకోగా మిగిలిందంతా బ్రేకులదే. చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు ప్యాడ్లు అతిగా వేడెక్కితే పట్టు తప్పుతాయి, బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. నాకు పెడలు మెత్తబడింది అందుకే.

అందుకే బయల్దేరే ముందు బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో చూడండి. ఇది గాల్లో తేమను పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. రెండేళ్లు దాటితే మార్పించేయండి. ప్యాడ్లు, టైర్లు కూడా చూపించండి.

ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. ఆ గేరు కూడా పైనే, దిగుడుకు ముందే వేసుకోవాలి. వేగం పెరిగాక వేద్దామంటే గేరు పడకపోవచ్చు. ఆటోమేటిక్ అయితే గేరు లివరు ఎల్ (L, అంటే లో గేరు) లేదా 2లో పెట్టండి. బ్రేకు నొక్కిపట్టి ఉంచకండి. గట్టిగా నొక్కి వేగం బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. ఆ వదిలిన కాసేపే దానికి ఊపిరి.

పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేసి వదిలేవాళ్లను చూస్తే నాకు భయం. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి ఎక్సలేటర్ వదిలేస్తే ఇంధనం ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం కాలుతూనే ఉంటుంది. ఇంజను ఆపేయడం ఇంకా ఘోరం: బ్రేకు పెడలు నొక్కలేనంత గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎలక్ట్రిక్ బండి వాళ్లు కొండపైన బ్యాటరీ నిండా ఛార్జి చేయకండి. నిండిన బ్యాటరీలో మళ్లీ కరెంటు పట్టదు కాబట్టి మోటారు వేగాన్ని ఆపలేదు.

వానలో లెక్క ఇంకా మారుతుంది. గంటకు 50 వేగంలో బ్రేకు పడ్డాక పొడి సమతల రోడ్డు మీద 14 మీటర్లలో ఆగే బండికి, 100 మీటర్లకు 10 మీటర్లు దిగే తడి రోడ్డు మీద 30 మీటర్లు దాటవచ్చు. మనం తేరుకునే ఒక్క సెకనులో పోయే 14 మీటర్లు దీనికి అదనం. బైకు వాళ్లు మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి, మలుపులో ఒరిగాక బ్రేకు పట్టకూడదు.

బ్రేకు పోయిందనిపిస్తే, బ్రేక్ ఆయిల్‌తో పనిచేసే బండిలో పెడలు టకటకా నొక్కి వదులుతూ ఉండండి, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి, హారన్ మోగిస్తూ లైట్లు వేయండి. లోయవైపు కాదు, కొండవైపు జరగండి.

కిందికి చేరాక కాలుతున్న బ్రేకు డ్రమ్ముల మీద నీళ్లు పోయకండి, పగుళ్లిస్తాయి. ఆపినచోట వాలుంటే చక్రాలను రోడ్డు అంచువైపు తిప్పి, గేరులో ఉంచి, చక్రానికి పల్లం వైపు రాయి పెట్టండి. మళ్లీ కదిలేటప్పుడు ఆ రాయిని పక్కకు తీసేయండి, వెనక వచ్చే బైకువాడికి అది కనపడదు.