ఒపెరా బారిటోన్‌ని వినడం ఎలా: ద్మిత్రి హ్వొరొస్తోవ్‌స్కీతో మొదలుపెట్టండి

ఒపెరా విందామని కూర్చున్నవాళ్లు చాలామంది మూడు గంటల రికార్డింగ్ ఒకటి పెట్టుకుని, ఇరవై నిమిషాలకే భాష తెలీక, ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో అర్థంకాక ఆపేస్తారు. అలా చెయ్యకండి. ఒక్క మనిషి గొంతు పట్టుకుని, అతను పాడిన ఏళ్ల వరసలోనే వింటూ వెళ్లండి, కథలు వాటంతటవే తర్వాత వస్తాయి. నేనైతే రష్యన్ బారిటోన్ గాయకుడు హ్వొరొస్తోవ్‌స్కీ పేరే చెప్తాను.

బారిటోన్ అంటే టెనార్‌కీ (పైస్థాయి మగ గొంతు) బేస్‌కీ (అట్టడుగు మగ గొంతు) మధ్యలో ఉండే గొంతు, మామూలుగా మాట్లాడుకునే గొంతుకి దగ్గరగా ఉంటుంది. ప్రేమికుడి వేషం ఎక్కువగా టెనార్‌కే పోతుంది, బారిటోన్‌కి తండ్రి, ప్రత్యర్థి, స్నేహితుడు, ఓడిపోయినవాడు ఇలాంటివి దక్కుతాయి, నాకు మాత్రం మనసున్న పాత్రలన్నీ వీళ్లవే అనిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్లో మంద్రస్థాయి అంతా ఎగిరిపోతుంది.

మొదట వేల్స్‌లోని కార్డిఫ్‌లో జరిగిన 1989 అంతర్జాతీయ గాయకుల పోటీ వీడియోలు వెతకండి. సైబీరియాలోని క్రాస్నోయార్స్క్‌లో 1962లో పుట్టి అక్కడే చదువుకున్న కుర్రాడు, అప్పటికి 26 ఏళ్లు, వేల్స్ గాయకుడు బ్రిన్ టెర్ఫెల్‌ని దాటి ఆ పోటీ గెలిచాడు. టెర్ఫెల్‌కి లీడర్ (పియానోతో పాడే జర్మన్ కవితా గీతాలు) పాటల బహుమతి వచ్చింది, అతనూ తర్వాత ప్రపంచమంతా తిరిగి పాడాడు కాబట్టి ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి వినడం బాగుంటుంది.

తర్వాత రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఒపెరా 'క్వీన్ ఆఫ్ స్పేడ్స్'లో యెలెత్స్కీ రాజకుమారుడి పాట. 1995లో న్యూయార్క్ మెట్‌లో (మెట్రోపాలిటన్ ఒపెరా) ఇతను మొదటిసారి అడుగుపెట్టింది ఈ వేషంతోనే. పెళ్లి కుదిరిన అమ్మాయి తనని ప్రేమించట్లేదని తెలిసి కూడా నిన్ను కొలవలేనంత ప్రేమిస్తున్నానని చెప్పే పాట ఇది. మూడుసార్లు వినండి. ఒకసారి కళ్లు మూసుకుని, రెండోసారి అర్థం చూస్తూ, మూడోసారి గుక్కలు లెక్కపెడుతూ. వాక్యం అయిపోయింది ఇక ఆగుతాడు అనుకుంటారు, ఆగడు, అదే గుక్కలో తర్వాతి మాటలోకి వెళ్లిపోతాడు, మీరే ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. మైకు దగ్గరగా ఉన్న రికార్డింగుల్లో అతను గట్టిగా ఊపిరి లాక్కునే చప్పుడు కూడా వినిపిస్తుంది, కొందరికది నచ్చదు, నాకు మాత్రం అంత పొడుగు వాక్యం వెనక ఎంత శ్రమ ఉందో అక్కడే తెలుస్తుంది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, స్టేజి మీద మైకు ఉండదు. మెట్‌లో సుమారు 3,800 సీట్లు, ముందు పెద్ద ఆర్కెస్ట్రా, అయినా గొంతు చివరి వరసకి చేరాలి. బిగ్గరగా అరిస్తే చేరదు. శిక్షణ పొందిన మగ గొంతులో సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర ఒక మెరుపు లాంటిది చేరుతుంది, ఆర్కెస్ట్రా బలం అంతకంటే బాగా కింద ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి గొంతు బయటపడుతుంది. వినేటప్పుడు ఆ లోహపు అంచు కోసం చెవి పెట్టండి, మెల్లగా పాడినప్పుడు కూడా అది పోకుండా ఉందా చూడండి.

ఇప్పుడు చైకోవ్‌స్కీదే ఇంకో ఒపెరా 'యెవ్గేనీ ఒనేగిన్', 2007 మెట్ వీడియో, ఇందులో ఇతను ఒనేగిన్, గాయని రెనీ ఫ్లెమింగ్ తత్యానా. మొత్తం చూడలేకపోతే రెండు చోట్లు చాలు. మొదటి అంకంలో ప్రేమలేఖ రాసిన తత్యానాకి తోటలో చల్లగా నీతులు చెప్పే ఒనేగిన్, మూడో అంకంలో ఆమెని మళ్లీ చూసి కుదేలైపోయిన ఒనేగిన్. అక్కడ అతను పాడే బాణీ తత్యానా ఉత్తరం రాస్తూ పాడుకున్నదే! అందుకే ఉత్తరం సీన్ ముందు వినేసి రండి, లేకపోతే ఆ దెబ్బ తగలదు.

ఆఖర్న ఇటాలియన్ స్వరకర్త వెర్డి ఒపెరాలు, వీటిని మాత్రం తొందరగా ముట్టుకోకండి. 2015 జూన్‌లో బ్రెయిన్ ట్యూమర్ ఉందని ప్రకటించాక, సెప్టెంబర్‌లో మెట్‌కి తిరిగొచ్చి 'ఇల్ త్రోవతోరే'లో కౌంట్ ది లూనా పాడాడు. అతను కనిపించగానే చప్పట్లతో నాటకం ఆగిపోయింది, చివర్న ఆర్కెస్ట్రా వాళ్లు కింద నుంచి తెల్ల గులాబీలు విసిరారు. బ్యాలెన్స్ కుదరక 2016 డిసెంబర్‌లో స్టేజి ఒపెరాలు మానేశాడు. 2017 మేలో మెట్ వేడుకలో ముందస్తు ప్రకటన లేకుండా వచ్చి 'రిగొలెత్తో'లో కూతురి కోసం తండ్రి పాడే పాట పాడాడు. కోపంతో మొదలై, ఏడుపులోకి జారి, శత్రువుల కాళ్లావేళ్లా పడే పాట అది. 1989 గొంతు విని వెంటనే ఇది వినండి. ఆ నవంబర్ 22న లండన్‌లో పోయాడు, 55 ఏళ్లు.

ఇదంతా అయ్యాక, మళ్లీ ఆ యెలెత్స్కీ పాటే ఇంకో బారిటోన్‌తో వినండి, అతను ఎక్కడెక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో కాగితం మీద రాసుకోండి.