విండోస్ పక్కనే లినక్స్ మింట్: పెన్‌డ్రైవ్ పెట్టే ముందు చేయాల్సిన పనులు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో దాదాపు దేనికీ విండోస్ 11 అధికారికంగా రాదు, అంతమాత్రాన బాగా పనిచేస్తున్న మెషీన్‌ని మూలన పడేయక్కర్లేదు. ట్యాలీకో, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌కో విండోస్‌ని ఉంచుకుని, నెట్‌కి, చదువుకి, కోడింగ్‌కి పక్కనే లినక్స్ మింట్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని, అందులో పెద్ద కష్టం లేదు. ఇబ్బందులన్నీ ఎక్కువగా దానికి ముందు విండోస్‌లో చేయాల్సిన పనులు వదిలేయడం వల్లే వస్తాయి, కాబట్టి ఓపికంతా అక్కడ పెట్టండి. ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టులు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయకుండా ఇక్కడి నుంచి ఒక్క అడుగు కూడా ముందుకి వేయకండి.

మొదట ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేయడం) సంగతి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకి తెలియకుండానే ఆన్‌లో ఉంటుంది. ఉంటే 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి తీసి కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. పెద్ద డిస్క్ అయితే ఇది పూర్తవడానికి గంటలు పట్టొచ్చు, ఛార్జర్ తీయకండి.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దీన్ని ఆపేయండి. ఇది ఆన్‌లో ఉన్నంతకాలం మీరు షట్‌డౌన్ నొక్కినా విండోస్ తన స్థితిని డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది, పూర్తిగా ఆగదు. ఆ సమయంలో లినక్స్ ఆ డ్రైవ్‌లో రాస్తే ఫైల్స్ పాడవుతాయి కాబట్టి సాధారణంగా చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. "నా డీ డ్రైవ్‌లో ఏమీ సేవ్ అవ్వట్లేదు" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

ఇప్పుడు జాగా. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. మింట్‌కి 20 జీబీ చాలంటారు గానీ నా మాట వింటే కనీసం 60 ఇవ్వండి, 100 ఉంటే మరీ మంచిది. ఒక్కోసారి 200 జీబీ ఖాళీ ఉన్నా పది జీబీకి మించి కోయనివ్వదు, దానికి కారణం పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ లాంటి కదలని ఫైల్స్ మధ్యలో కూర్చోవడం; హైబర్నేషన్, వర్చువల్ మెమరీ, సిస్టమ్ ప్రొటెక్షన్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే సాధారణంగా ఒప్పుకుంటుంది. కోసిన జాగాని అలాగే అన్‌అలకేటెడ్‌గా (ఏ డ్రైవ్‌కీ చెందకుండా) వదిలేయండి, అక్కడ కొత్త డ్రైవ్ చేయొద్దు.

విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ (మెషీన్ ఆన్ చేయగానే ముందుగా నడిచే సాఫ్ట్‌వేర్) మోడ్ ఏమిటో చూసుకోండి. యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి) అని ఉంటే పెన్‌డ్రైవ్ కూడా అదే మోడ్‌లో బూట్ అవ్వాలి, లెగసీ (పాత పద్ధతి) అయితే లెగసీలో.

మింట్ సైట్ నుంచి ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో రాయండి (అందులో ఉన్నదంతా పోతుంది). రీస్టార్ట్ చేసి డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. నేరుగా ఇన్‌స్టాల్‌కి పోకుండా కాసేపు లైవ్‌లో (పెన్‌డ్రైవ్ నుంచే నడుపుతూ) వాడి వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్, కెమెరా చూసుకోండి. వైఫై రాకపోతే టెన్షన్ పడకండి, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ ఆ తర్వాత వేసుకోవచ్చు.

ఇన్‌స్టాలర్‌లో విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయమనే ఆప్షన్‌నే ఎంచుకోండి. ఎరేస్ డిస్క్ జోలికి పోకండి, అది విండోస్‌తో సహా మొత్తం తుడిచేస్తుంది. పక్కన అనే ఆప్షనే కనపడకపోతే అక్కడే ఆగి బయటికి వచ్చేయండి. అసలు ఎస్‌ఎస్‌డీయే కనపడట్లేదంటే బయోస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే మోడ్‌లో ఉండి ఉండొచ్చు, దాన్ని ఏహెచ్‌సీఐ అనే మోడ్‌కి మార్చాలి. కానీ ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, ఆ రీస్టార్ట్‌లోనే బయోస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక మామూలు మోడ్‌కి తిప్పండి. ఇలా చేయకుండా నేరుగా మారిస్తే విండోస్ బ్లూ స్క్రీన్ చూపించి ఆగిపోవచ్చు.

అంతా అయ్యాక రెండింటి మధ్య తిరుగుతుంటే విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డ్ గడియారాన్ని లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా), విండోస్ లోకల్ టైమ్‌గా చదవడం వల్ల వచ్చే తేడా అది, లినక్స్‌లో హార్డ్‌వేర్ గడియారాన్ని లోకల్ టైమ్‌కి మారిస్తే సరిపోతుంది. తెలుగులో టైప్ చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోనే ఉంది.

పెన్‌డ్రైవ్‌ని చెరిపేయకండి. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే లేవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న చాలా డ్యూయల్ బూట్ (రెండు సిస్టమ్‌లు ఉన్న) మెషీన్లలో లినక్స్ లేవడం మానేసింది. అలాంటప్పుడు ఫైల్స్ బయటికి తీసుకోవడానికి ఆ పెన్‌డ్రైవే దారి, అయితే అదీ లేవాలంటే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపాల్సి రావచ్చు.

ఎప్పుడైనా మింట్ వద్దనుకుంటే ముందు దాని పార్టిషన్ డిలీట్ చేయకండి, గ్రబ్ (ఏ సిస్టమ్ లేవాలో అడిగే) మెనూ తన ఫైల్స్ దొరక్క నల్ల స్క్రీన్ మీద ఆగిపోతుంది. యూఈఎఫ్ఐ మెషీన్ అయితే మొదట బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, విండోస్ నేరుగా లేస్తోందని చూసుకున్నాకే ఆ పార్టిషన్ తీసేసి జాగాని సీ డ్రైవ్‌లో కలుపుకోండి.