ఒకరు స్కూలుకి, ఒకరు ఫిజియోకి: ఇద్దరు పిల్లల ఇంట్లో పొద్దున పూట నడిపించడం ఎలా

మా బాబుకి తొమ్మిదేళ్ళు, సెరెబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని, ఒంటి కదలికలు అదుపులో ఉండని పరిస్థితి). నడవలేడు, మాటలు కొన్నే, కానీ చెప్పేవన్నీ అర్థమవుతాయి. పాపకి ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఉండేది తెనాలిలో. ఎనిమిదిన్నరకి స్కూలు ఆటో వచ్చి హారన్ కొడుతుంది. ఈలోపు ఇద్దరూ తయారవ్వాలి. తనని పక్కన పెట్టేశారని ఇద్దరిలో ఎవరికీ అనిపించకూడదు. ఆ రెండోదే కష్టం. ఇలాంటి ఇల్లు నడుపుతున్న అమ్మల కోసం, మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను.

స్కూలుకెళ్ళే బిడ్డని ముందు పంపేసి, తర్వాత రెండోవాళ్ళని తీరిగ్గా చూసుకోవచ్చని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నడవలేని బిడ్డనే గంట ముందు లేపండి. నిద్రలేచేసరికి వీళ్ళ కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి. కంగారుగా లాగితే ఇంకా బిగుస్తాయి. మావాడైతే మిక్సీ చప్పుడికే ఉలిక్కిపడి కొయ్యబారిపోతాడు. అందుకే చట్నీ రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెడతాను. పొద్దున గోరువెచ్చని నీళ్ళతో స్నానం, ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు నేర్పిన స్ట్రెచింగులు. ఈ టైములో పాప నిద్రలోనే ఉంటుంది కాబట్టి నాకూ టెన్షన్ ఉండదు.

తినిపించడం దగ్గర తొందర అసలు వద్దు. పడుకోబెట్టి గానీ, తల వెనక్కి వాల్చి గానీ తినిపించకండి. ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసుకోండి. మీరు పీట వేసుకుని ఎదురుగా, వాడి కళ్ళకి సమానంగా కూర్చోండి. మీరు నిలబడి పెడితే వాడు తల పైకెత్తాల్సి వస్తుంది. లోతులేని చిన్న చెంచా తీసుకుని, నాలుక మధ్యలో మెల్లగా అదిమి, పెదాలు మూసేదాకా ఆగండి. పై పళ్ళకి గీకి ముద్ద వదలొద్దు. రాగిజావ పల్చగా ఉంటే మావాడికి పొలమారుతుంది, చెంచా నుంచి నెమ్మదిగా జారేంత చిక్కగా చేస్తాను. మీ బిడ్డకి ఎంత చిక్కదనం సరిపడుతుందో, మింగడం సంగతి చూసే స్పీచ్ థెరపిస్టునే అడగండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. తింటూ తరచూ దగ్గుతున్నా, గొంతులో గురగుర వినిపిస్తున్నా డాక్టరుకి చూపించాల్సిందే.

ఇంట్లో మగవాళ్ళు "ఏం చెయ్యమంటావ్?" అని వెనకాల తిరుగుతుంటారే, దానివల్ల మన పని పెరుగుతుంది. ఏదో ఒక పని మొదలు నుంచి చివరిదాకా అప్పగించేయండి. మా ఇంట్లో బాబుకి ఏఎఫ్‌ఓ స్ప్లింట్లు (పాదం, చీలమండ వంకరపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగులు) వెయ్యడం మా ఆయన పని. మేజోడు ముడత లేకుండా లాగాలి, మడమ పూర్తిగా కిందికి దిగాలి, ముందు చీలమండ పట్టీ బిగించాలి, తర్వాతే పైది. సాయంత్రం తీశాక చర్మం మీద ఎర్ర మచ్చలు చూడడం కూడా ఆయనదే. అరగంటకీ ఎరుపు పోకపోతే స్ప్లింట్ చిన్నదైనట్టో, ఎక్కడో ఒరుసుకుంటున్నట్టో. మళ్ళీ తొడగకుండా చేసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తారు. మొదట్లో పట్టీలు వదులుగా పెట్టేవారు. నేను నోరు మూసుకుని ఊరుకున్నాను, ఆయనే నేర్చుకున్నారు.

ఇక పాప. జడ వేసే పది నిమిషాలు పూర్తిగా దానివి. ఆ టైములో అన్న పేరు నేనెత్తను, ఫోన్ ఎత్తను, పక్క గదిలో మా అత్తయ్య పిలిచినా "ఐదు నిమిషాలు అత్తయ్యా" అంటాను. నడిమి పాపిడి తీసి రెండు జడలు వేస్తుంటే అద్దంలోంచి నన్నే చూస్తూ, క్లాసులో ఎవరి పెన్సిల్ పోయిందో, ఎవరు ఎవరితో పచ్చి కొట్టి మాట్లాడడం మానేశారో అన్నీ చెబుతుంది. మీకు రోజూ కుదిరే పని ఏదైనా సరే, ఆ బిడ్డకి ఒకటి ఉంచండి. ఆదివారం సినిమాకి తీసుకెళ్తాననే మాట కంటే రోజూ దొరికే పది నిమిషాలే మేలు.

అసూయ తప్పకుండా వస్తుంది. మా పాప ఒక దశలో "నాకూ కాలు నొప్పి" అని కుంటేది. తిట్టొద్దు, నటిస్తున్నావని నవ్వొద్దు. అన్న పక్కనే చాప మీద పడుకోబెట్టి, దాని కాళ్ళకీ అన్నకి రాసే నూనే రెండు నిమిషాలు రాయండి. మాకు అది సరిపోయింది.

చుట్టాల సంగతి వేరు. పెళ్ళిళ్ళలో ఎవరో ఒకరు దాని బుగ్గ గిల్లి, "మీ అన్నకి ఇక నువ్వే దిక్కమ్మా" అంటారు. ఆ మాట పిల్ల చెవిన పడ్డాక ఇంటికొచ్చి సర్దిచెబుదామంటే లాభం లేదు. అక్కడికక్కడే, పిల్ల వినేలా చెప్పాలి: "వాణ్ణి చూసుకోవడం మా పని పిన్నీ. దాని పని ఒకటో తరగతి చదవడం." నిజానికి దీనికి చట్టంలో దారి ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి పద్ధెనిమిది దాటాక సంరక్షకులు అవసరమైతే, జిల్లా స్థాయి కమిటీ నియమిస్తుంది. ఆ బరువు ఆరేళ్ళ పిల్ల నెత్తిన ఇప్పుడే పెట్టక్కర్లేదు.

అయితే ఫిట్స్ వచ్చే బిడ్డ ఇంట్లో ఉంటే తోబుట్టువుకి కొంత నేర్పక తప్పదు. పెద్దవాళ్ళని కేకెయ్యాలి, గడియారం చూడాలి, అంతే. పక్కకి తిప్పి పడుకోబెట్టడం మన పని. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

కాగితాలకి ఒక ఫైలు పెట్టుకోండి: సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు రాసిచ్చేది), యూడీఐడీ కార్డు (వికలాంగులకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు), ఆధార్, ఆస్పత్రి రిపోర్టుల జిరాక్సులు. మన ఆంధ్రలో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకి ఆరు వేలు అయింది. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర సంస్థ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులకీ కొంత వస్తుంది, ఏటా రెన్యూవల్ మరచిపోవద్దు. సాయం లేకుండా ప్రయాణం చేయలేని బిడ్డకీ, తోడెళ్ళేవాళ్ళకీ రైల్లో స్లీపర్‌కి, థర్డ్ ఏసీకి టికెట్టు మీద 75 శాతం తగ్గుతుంది. దానికి రైల్వే ఇచ్చే కార్డు విడిగా తీసుకోవాలి. ఆరు నుంచి పద్ధెనిమిదేళ్ళ దాకా ఉచిత చదువు 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు, నలభై శాతం వైకల్యం ఉంటే చాలు. దగ్గర్లో భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) ఉంటే ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో ముందే కనుక్కోండి. ఆ రోజు పాప స్కూల్లో ఫంక్షన్ పడితే నేను ఫంక్షన్‌కే వెళ్తాను, బాబుని వాళ్ళ నాన్న తీసుకెళ్తారు. ఫైలు కూడా ఆయన చేతికే ఇస్తాను. అందులో పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు ఎప్పుడూ అరడజను ఉంచుకోండి, ఏ ఆఫీసుకెళ్ళినా ముందు అడిగేది అవే.